వస్తానని చెప్పి

ఆ చలికాలమంతా నేను రోజూ సాయంత్రం 'పో' అనిపించుకున్నాను. దారినపోయే వాళ్ళెవరో అని ఉంటే పోనీలే అనుకుందును. అన్నది నాకు పని ఇచ్చిన మనిషి. పగలంతా వంచిన తల ఎత్తకుండా కుట్టి, మిషన్ మీద గుడ్డ కప్పి, కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడితే, ఆవిడ మెడలో టేపు సవరించుకుంటూ నా మొహమైనా చూడకుండా "పో" అనేది. వాళ్ళ భాషలో అది ఒక్క అక్షరం. నాకు తెలిసిన నాలుగు మాటల్లో అదొకటి కావడం నా ఖర్మ.

నాకు నోరెక్కువ. మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే నాకు 'రేడియో' అని పేరు పెట్టాడు, అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ దాన్నే ఖాయం చేశారు. బస్సులో పక్క సీటు ఆవిడతోనూ, మందుల కొట్టు కుర్రాడితోనూ, ఆఖరికి ఫోను తప్పు నంబరు వస్తే ఆ తప్పు నంబరు వాళ్ళతోనూ కష్టసుఖాలు మాట్లాడేదాన్ని. అలాంటిదాన్ని, పిల్లని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి చేరేసరికి అక్కడ చెట్లకి ఒక్క ఆకు లేదు, నాకు ఒక్క మాట లేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మాకన్నా ముందే వెళ్ళి, నాలుగో అంతస్తులో రెండు గదులు చూసి పెట్టాడు. కిటికీలు ఎంత బిగుతంటే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చప్పుడు బయటికి పోదు. వెళ్ళిన కొత్తలో లిఫ్టులో ఒకావిడ కలిసింది, చేతిలో కూరగాయల సంచి. మొహమాటమెందుకని నవ్వి, ఆయన నేర్పిన ముక్కలు అతికించి, "ఇవాళ ఏం వండుతున్నారు?" అని అడిగాను. ఆవిడ సంచి గుండెకి హత్తుకుని, తర్వాతి అంతస్తులోనే దిగిపోయి మిగతా మెట్లు నడిచి ఎక్కింది.

"మీరు బాగుచేసే లిఫ్టుల్లో మనుషులు అంకెల వంక చూస్తారు గానీ పక్కవాళ్ళ వంక చూడరేంటండీ?" అని ఆ సాయంత్రం అడిగాను.

"అలాంటివి అడక్కూడదు. భయపడతారు."

"ఏం వండుతున్నారంటే భయమా? నేనేమన్నా గిన్నె పట్టుకుని వస్తానన్నానా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి నవ్వడం మానేశాడు. పిల్ల బడికి వెళ్ళాక పగలంతా కిటికీ దగ్గరే కూర్చుంటున్నానని ఆయనకి తెలుసు. ఇంటికొచ్చి ఎంత కదిపినా రెండు ముక్కలు మించి నా నోట్లోంచి ఊడిపడడం లేదనీ తెలుసు.

"నాకూ మొదట్లో ఇంతే," అన్నాడు. "లిఫ్టు గోతిలోకి ఒక్కణ్ణే దిగినప్పుడు పైకి చూసి మన భాషలో నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి. గోడలు తిరిగి అవే తిట్లు తిట్టేవి. అమ్మయ్య, మనవాళ్ళున్నారు అనిపించేది."

"ఎవర్ని తిట్టేవారు?"

"ఎవర్నీ కాదు. ఊరికే."

అప్పుడే మాట ఇచ్చాడు. కోట్లు విప్పే రోజుల దాకా చూద్దామనీ, అప్పటికీ నాకు ఇలాగే ఉంటే పెట్టె సర్దేద్దామనీ. "నేను ఒక్క ముక్క ఎదురు చెప్పను. నువ్వెలా అంటే అలా," అన్నాడు. ఆయనకి అక్కడి పని ప్రాణం. పిల్ల అప్పుడే ఆ భాషలో కలవరిస్తోంది. తేలాల్సింది నా సంగతి ఒక్కటే.

ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే ఏమీ తేలదని, రెండు బస్సు స్టాపుల అవతల బట్టలు సరిచేసే దుకాణానికి వెళ్ళాను. కొత్త బట్టలు కుట్టరు అక్కడ. పొడుగైన పాంట్లు పొట్టి చెయ్యడం, ఊడిన జిప్పులు మార్చడం, చిరిగిన కోటు లైనింగులు వెయ్యడం, అంతే. దుకాణం ఒక పెద్దావిడది. పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉంటుంది. ఎడమచేతి వాటం. మెడలో టేపు లేకుండా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి ఇంట్లో ఆవిడ పేరు టేపమ్మ అయిపోయింది.

మాటలతో పని పడలేదు. ఒక పాంటు ఇచ్చి సుద్ద గీత చూపించింది. కుట్టి ఇచ్చాను. తిరగేసి, వెలుతురుకి పెట్టి, గోటితో కుట్టు గీకి చూసి, "చలికాలం అయ్యేదాకా చూస్తాను," అంది. మా ఆయనా ఈవిడా కూడబలుక్కున్నారా ఏమిటి అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రమే "పో" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుక్కని కూడా రెండు సార్లు బుజ్జగించి పొమ్మంటాం. అయినా నేను మర్యాద తప్పదల్చుకోలేదు. వాళ్ళు గుమ్మం దగ్గర పిట్ట కూతలా ఒక మాట అంటారని, దానికి ప్రత్యేకంగా అర్థమేమీ లేదని మా ఆయన చెప్పాడు. అర్థం లేని మాట గుమ్మంలో నిలబడి ఎందుకనాలి? మనకి లేదా మాట? అందుకని ఆవిడ 'పో' అనగానే నేను నిటారుగా నిలబడి, వాళ్ళ భాషలోనే, స్పష్టంగా, "వస్తాను," అన్నాను. ఆవిడ గోడ గడియారం చూసి తలూపింది.

అది మొదలు రోజూ అంతే. ఆవిడ పో అనడం, నేను వస్తాను అనడం. నీకు లేకపోయినా నాకుందమ్మా మర్యాద అని మనసులో అనుకుని మరీ అనేదాన్ని.

బస్సు స్టాపు దుకాణానికి ఎదురుగానే, రోడ్డు అవతల. బస్సు ఎక్కేదాకా చూస్తే లోపల దీపం వెలుగుతూనే ఉండేది. నన్ను పంపించేసి ఒక్కతీ అంతసేపు ఏం చేస్తుందా అనుకునేదాన్ని. నా కుట్లు విప్పి తనిఖీ చేస్తోందని ఖాయం చేసుకున్నాను.

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. మన దగ్గర ఏ బట్ట కుట్టినా లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదులుతాం. ఒళ్ళు చేస్తారు, పొడుగవుతారు, చెల్లెలికిస్తారు, ఎవరు చూడొచ్చారు? ఆవిడ మాత్రం నేను మడిచిన గుడ్డని విప్పి, ఒక్క వేలు ఉంచి మిగతాది కరకరా కత్తిరించేది. బడి పిల్లాడి పాంటు కూడా అలాగే కత్తిరిస్తుంటే ఊరుకోలేకపోయాను.

"రేపు పెరుగుతాడు," అన్నాను.

"వాళ్ళమ్మ ఈ కొలత చెప్పింది."

"అవును. రేపు పెరుగుతాడు."

"రేపు వేరే కొలత చెప్తుంది," అని ముక్కలు బుట్టలో పడేసింది. ఆ ముక్కలు చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది.

మొదట్లో ఒక్క మంచి సంగతి ఉండేది. పొద్దున నేను వెళ్ళగానే, సూదిలో దారం ఎక్కించడం ఆపి, "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగేది. నాకు ప్రాణం లేచొచ్చేది. "బాగానే ఉంది," అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వేదాన్ని. ఆవిడ ఇంకేదో వినాలన్నట్టు కాసేపు నా వంకే చూసి, తర్వాత తన పనిలో పడేది. కొన్నాళ్ళకి ఆ అడగడం కూడా మానేసింది. ఖరీదైన కోట్లు నాకు ఇవ్వడం మానేసింది. తాళాల గుత్తి బల్ల మీద ఉండేదల్లా కొంగున కట్టుకున్నట్టు నడుముకి తగిలించుకోవడం మొదలుపెట్టింది.

"ఆవిడకి నేనంటే గిట్టదండీ," అని మా ఆయనతో అన్నాను. "రోజూ పో అంటుంది."

"ఇక్కడ అందరూ అందరితోనూ అదే అంటారు. ఇక చాలు, వెళ్ళు అని. తిట్టు కాదది."

"అందరూ అంటే మాత్రం? చెవికి తెలియదా?"

"చెవికి అలవాటవ్వాలి."

"నా చెవులు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. మార్చుకోను," అన్నాను. ఆ మధ్యనే అటక మీద పెట్టె ఎంత పెద్దదో ఒకసారి చూసుకున్నాను కూడా.

మంచు బాగా పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా పిల్ల బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. ఒంటి మీద పల్చటి కోటు. టేపమ్మ దాని భుజం దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో నలిపి చూసి, లోపలి గదిలోకి వెళ్ళి, ఎవరో ఇచ్చి మళ్ళీ రాని పెద్ద ఉన్ని కోటు ఒకటి తెచ్చింది. ముదురు ఆకుపచ్చ. పిల్లని బల్ల మీద నిలబెట్టి కొలతలు తీసింది. కోసి చిన్నది చేస్తుందని అర్థమై, "నేను కుడతాను," అని చెయ్యి చాపాను.

"నువ్వు కాదు. నేను."

సొంత పిల్ల కోటు కూడా నా చేతికి ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. తొడిగి చూస్తే సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది, అంగుళం అటూ ఇటూ లేకుండా. వెచ్చగా ఉందని పిల్ల గంతులేసింది. నేను థాంక్స్ చెప్పాను, కానీ నాకు చివుక్కుమంది. ఈ ఒక్క చలికాలానికే కొలిచి కుట్టింది, మమ్మల్ని ఆపైన ఉండే మనుషులుగా లెక్కలో వేసుకోలేదు అనుకున్నాను. మేమూ అంతకన్నా ఉండబోవడం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

చలి కాస్త విరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మామూలుగానే పో అనిపించుకుని, వస్తానని చెప్పి, రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వస్తుండగా కోటు జేబులు తడుముకుంటే ఇంటి తాళంచెవి లేదు. దుకాణంలో విప్పిన ఏప్రన్ జేబులో ఉండిపోయింది. బస్సుని వదిలేసి వెనక్కి వచ్చాను.

షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. టేపమ్మ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నా మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నా మిషన్ మీద గుడ్డ తీసేసి ఉంది. బల్ల మీద రెండు కప్పుల్లో టీ.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"రోజూ వస్తానంటావు," అంది. "ఇవాళ వచ్చావు."

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ చిన్న చిన్న ముక్కల్లో, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా మళ్ళీ చెప్పింది. నేను ఇంటికెళ్ళి పిల్లకి ఏదో పెట్టి మళ్ళీ పనికి వస్తాననుకుందట. మొదటి రోజు చాలాసేపు చూసిందట. తర్వాత్తర్వాత కాసేపే చూడటం మొదలుపెట్టిందట. వస్తానన్న మనిషి వచ్చేసరికి తలుపు మూసి ఉంటే బాగుండదు కాబట్టి, ఎప్పుడూ వెంటనే మాత్రం మూయలేదట.

"మరి ఎందుకు రాలేదని నన్ను అడగలేదేం?"

"అడిగాను. రోజూ పొద్దున అడిగాను, ఇంట్లో అంతా బాగానే ఉందా అని. బాగానే ఉందని నవ్వేదానివి."

నేను నా స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని, దానికి ఆపరేషన్ ఉందని, కొన్నాళ్ళు దుకాణం ఎవరికో ఒకరికి అప్పజెప్పాలని చెప్పింది. "నీ కుట్టు మంచిది," అంది. "నీ మాట..." అని అక్కడ ఆగి, అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపింది.

మాట మీద నిలబడదు అని ఇంతవరకూ నన్ను ఎవరూ అనలేదు. వాగుడుకాయ అన్నారు, గయ్యాళి అన్నారు, ఆ మాట మాత్రం అనలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉన్న నాలుగు మాటలూ పోతాయని ఆపుకున్నాను.

"మా భాషలో గుమ్మం దగ్గర 'పోతాను' అనకూడదు," అన్నాను.

"ఎందుకు?"

చావు అన్న మాట వాళ్ళ భాషలో నాకు రాదు. మా ఆయన నేర్పలేదు. అందుకని గోడకి జారబడి, కళ్ళు మూసి, తల పక్కకి వాల్చి, నాలుక కొంచెం బయటపెట్టాను. కుర్చీ చప్పుడు, కప్పు పడిన చప్పుడు వినిపించి కళ్ళు తెరిస్తే ఆవిడ నొప్పి కాలు ఈడ్చుకుంటూ నీళ్ళ గ్లాసుతో నా మీదికి వంగి ఉంది.

"కాదు, కాదు. నాకేం కాలేదు. పోవడం అంటే ఇది. ఇలా అయిపోవడం. అందుకని 'వస్తాను' అంటాం. వెళ్ళేటప్పుడే అంటాం."

ఆవిడ గ్లాసు పట్టుకునే ఆలోచించింది. "ఎప్పుడు వస్తారు?"

"రేపు. వచ్చే నెల. ఎప్పుడో ఒకప్పుడు."

"రాకపోతే?"

"రాకపోయినా అంటాం."

ఆవిడ ఆ నీళ్ళు తనే తాగేసింది. కుర్చీలో కూర్చుంది. కాసేపటికి మొహం మారింది. "అయితే నేను రోజూ సాయంత్రం నీతో అన్న మాట..." అని, నా లాగే తల పక్కకి వాల్చి చూపించింది.

"ఊఁ. రోజూ. ఆదివారం తప్ప."

ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. నూనె వెయ్యని మిషన్ తిరిగినట్టు ఆగి ఆగి మొదలై, మొదలయ్యాక ఆగలేదు. టోపీ జారిపోయింది. నాకూ నవ్వొచ్చింది, దానితో ఇందాక ఆపుకున్న ఏడుపూ వచ్చింది. రెండూ అయ్యాక చల్లారిన టీ తాగి, కింద పడింది తుడిచి, తాళంచెవి తీసుకుని ఇంటికి బయల్దేరాను. గుమ్మం దగ్గర ఇద్దరం నోరు తెరిచి, ఏమనాలో తెలియక మూసేసుకున్నాం.

మర్నాడు ఆవిడే అడిగింది, వస్తానంటే జవాబేమిటని. "వెళ్ళిరా," అని నేర్పాను. "వెల్ల్రా," అని పలికింది. నేను ఆ పిట్ట కూత మాట నేర్చుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ నా మాటా నేను ఆవిడ మాటా అంటుంటే, బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు. చూడనీ. మా ఆయనకి చెప్తే, నాకు మాటలు నేర్పి గుమ్మం దగ్గర ఏమనాలో మాత్రం సరిగ్గా నేర్పనందుకు సగం తప్పు తనదేనన్నాడు. సగం కాదన్నాను.

పగళ్ళు పొడుగయ్యాయి. జనం కోటు బొత్తాలు విప్పుకుని తిరగడం మొదలుపెట్టారు. మా ఆయన ఒక రాత్రి అన్నం తింటూ, "గడువు దగ్గరికొచ్చింది," అని మాత్రం అన్నాడు.

"తెలుసు."

దుకాణంలో పడిన ముడి విడిపోయింది గానీ ఆ నాలుగో అంతస్తు కిటికీ మారలేదు, లిఫ్టులో అంకెలు మారలేదు. ఒక నవ్వు కోసం ఒక దేశంలో ఉండిపోతామా అని నాతో నేనే తగువు పడుతున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే టాక్సీ వచ్చింది. టేపమ్మ మెడలోంచి టేపు తీసి నా మెడలో వేసింది, నడుమున తాళాల గుత్తి విప్పి నా చేతిలో పెట్టింది. ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చెప్పలేదు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

"వస్తాను," అంది.

నా భాషలో అంది. సాధన చేసినట్టుంది, 'స' కింద 'త' ఒత్తు కూడా సరిగ్గా పడింది. వెళ్ళిరండి అనాలి నేను. చెయ్యి మాత్రం ఊపాను. ఆ సాయంత్రం పనంతా అయ్యాక షట్టరు సగం దించి, దీపం ఆర్పకుండా కోటు తొడుక్కుని కాసేపు ఆ కుర్చీలో కూర్చున్నాను. వారాల దాకా ఆవిడ రాదని తెలుసు. అయినా కూర్చున్నాను.

ఆ ఆదివారం ఎండ కాసింది. మా ఆయన అన్న మాట ప్రకారం అటక మీద పెట్టె దించి, నడి గదిలో తెరిచి పెట్టాడు. మూడు కోట్లూ తెచ్చి పక్కన వేశాడు.

"కోట్లు అడుగున పెట్టనా?" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క అడగలేదు. మొహం కూడా పెట్టెలోకే పెట్టాడు.

"పిల్ల కోటు ఇటివ్వండి. చేతులు పొట్టివయ్యాయి."

ఆ నాలుగు నెలల్లో పిల్ల పొడుగైంది. కోటులోంచి మణికట్లు బయటికి వచ్చేశాయి. టేపమ్మ సంగతి తెలుసు కాబట్టి లోపల ఏమీ ఉండదని, చివర వేరే గుడ్డ పట్టీ వేద్దామని బ్లేడు తీసుకుని కుట్టు విప్పాను. లైనింగు ఊడి వచ్చింది. దాని లోపల ఆకుపచ్చ గుడ్డ ఇంకా ఉంది. లాగాను. ఇంకా వచ్చింది. రెండు మడతలు పెట్టి, పైకి ఉబ్బు తెలియకుండా, చేత్తో సన్నగా కచ్చా కుట్టు వేసి ఉంది. వేళ్ళు ఆనించి చూశాను. నిండుగా నాలుగు వేళ్ళు. రెండో చెయ్యీ అంతే. కోటు అడుగు అంచూ అంతే.

కుట్టు ఎడమ వైపుకి వాలి ఉంది, ఎడమచేతి వాటం వాళ్ళది వాలినట్టు. బడి పిల్లాడి పాంటుకి ఒక్క వేలు మించి ఉంచని మనిషి. నా మాటకి నిలకడ లేదని అనుకుంటున్న రోజుల్లో కుట్టింది ఇది. పగలు ఆవిడ చేతిలో ఈ కోటు నేనెప్పుడూ చూడలేదు. నేను వస్తానని చెప్పి వెళ్ళిన సాయంత్రాలు, ఆ దీపం కింద, నా కోసం చూస్తూ కుట్టి ఉంటుంది.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. లోపల గుడ్డ ఉంది."

"అంటే?"

"అంటే వచ్చే చలికాలానికి సరిపోతుంది."

ఆయన నా వంక చూశాడు, కోటు వంక చూశాడు. ఎదురు చెప్పనన్న మాట మీదే నిలబడి, పెట్టె మూసి అటక మీదికి తోసేశాడు. పిల్లని పిలిచి చేతులు చాపమన్నాను. టేపమ్మ టేపుతో కొలిచాను. నాలుగు వేళ్ళ గుడ్డా ఒకేసారి దించలేదు. రెండు దించి, రెండు లోపలే ఉంచి కుట్టాను.